పేరు మీద పద్దెనిమిది ఎకరాలు

రాహుకాలం పోయేదాకా రెడ్డి రాడు. శుక్రవారం కదా, పన్నెండు దాటందే ఆయన కారు జమ్మలమడుగు పొలిమేర తొక్కదు, ఆ సంగతి తెలిసి కూడా సిద్దయ్య పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కి పదిన్నరకల్లా వచ్చి రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచలో బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన కూతురు చిన్నసుబ్బమ్మ, ఆమె ఒళ్లో ఫోటోలూ ఆధార్ కాగితాలూ ఉన్న ప్లాస్టిక్ కవరు. లోపల గోడకున్న గడియారం కిటికీలోంచి కనిపిస్తోంది, పదకొండు. ఇంకా గంటుంది. ఈ గంటలో చెప్పెయ్యాలి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, రెండే మాటలు, ఆ రెండు మాటలూ ఏడేళ్లుగా నోట్లోనే నానుతున్నాయి. పొద్దున బస్సు ఊరు దాటగానే చెప్పేద్దామనుకుంటే అంతలో ఆ పిల్లే అందుకుంది. "రెడ్డి రానీ నాయనా. ఒక్క మాట అడుగుతా. మా నాయన పులివెందులకొచ్చి నిన్ను బతిమాలితే, ఆడబిడ్డ సదువని కూడా సూడకుండా ఎట్ల కాదన్నావని అడుగుతా. దానికి జవాబు చెప్పినాంకనే నా సంతకం." సిద్దయ్య కిటికీ బయట శనగ చేల వైపు చూస్తూ సరే పాపా అన్నాడు. సరే అనడం ఆయనకు వచ్చినంత బాగా ఇంకో మాట రాదు. అసలు సంగతేమిటంటే సిద్దయ్య బతిమాలలేదు, రెడ్డి కాదనలేదు. పులివెందులకు పోయిన మాట నిజం, ఆ ఇంట్లో మూడు గంటలు కూర్చున్న మాట నిజం, అడగడం మాత్రం అడగనే లేదు.

జిరాక్సు మిషను గుయ్యిమంటోంది. ఎవరో పెద్దాయన పంచె సర్దుకుంటూ ముందు నుంచి పోయాడు, అంచు చూడగానే సిద్దయ్య వేళ్లకు తెలిసిపోయింది, నేత పంచె కాదు, మిల్లుది, రెండు ఉతుకులకు ఊడుతుంది. ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరు బట్టలంగట్లో గుమాస్తాగా తాన్లు విప్పి మడిచిన చెయ్యి, మనిషిని చూడకముందు బట్టను చూస్తుంది. కూతురి చుడీదారు కూడా అంతే, సగం కాటన్, సగం పాలిస్టర్, మీసేవలో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునేదానికి ఇది చాల్లే నాయనా అంటుంది. పద్దెనిమిదేళ్ల కిందట ఇదే పంచలో, ఈ బెంచీయో దీని తాతో, ఇట్లాగే కూర్చున్నాడు తను, అప్పుడు పక్కన ఓబుళరెడ్డి, రెడ్డి వెనక నలుగురు మనుషులు, నలుగురి చేతులూ తువాళ్ల కింద. అంతకు మూడు రోజుల ముందే పెన్న అవతల ఊరి దారిలో బాంబులు పడ్డాయి, అవతలి గ్రూపు వాళ్లిద్దరు పోయారు, కేసులో తన పేరెక్కితే రెడ్డి పరారీ కావాలి, పరారీ అయితే కోర్టు ఆస్తి జప్తు చేస్తుంది, అందుకని వకీలు పేరెక్కేలోపల భూమి ఇంకొకరి పేర రాసెయ్యమన్నాడు. రాయాలంటే ఎవరికి, అన్నదమ్ములూ బావలూ అందరూ ఆ కేసులోకి ఎక్కబోయే వాళ్లే. ఏ గ్రూపులోనూ లేని మనిషి కావాలి. ఎవరి జోలికీ పోని, ఎవరూ జోలికి రాని మనిషి కావాలి. అట్లా వెతికితే ఊళ్లో ఒక్క పేరు మిగిలింది.

సిద్దయ్య నాయన గొర్లకాపరి. కోతలైపోయాక ఓబుళరెడ్డి చేన్లో మంద కట్టేవాడు, రాత్రంతా గొర్రెలు పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి నాలుగు పడుల గింజలు, అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పక్క చేన్లో శనగ ఇంకా పచ్చిగా ఉన్నా ఒక్క గొర్రెను అటు మూతి పెట్టనిచ్చేవాడు కాదు, నిద్రపోకుండా గొంగడి కప్పుకుని గట్టు మీద కూర్చునేవాడు. రెడ్డి ఆ మాటే ఎత్తాడు ఆ రోజు, ఇదే పంచలో, గొంతు తగ్గించి. "మీ నాయన మంద కడితే నా చేన్లో ఒక్క శనగచెట్టు పోలేదు సిద్దయ్యా. నువ్వు ఆయప్ప కొడుకువి. పద్దెనిమిదెకరాలు నీ పేర పెడ్తాండా. యాడన్నా సంతకం పెట్టమంటే పెట్టు, అంతే." అంతే మరి. సంతకం పెట్టి అంగడికి పోయి సాయంత్రం దాకా తాన్లు మడిచాడు, మడుస్తున్నంతసేపూ ఒంట్లో ఏదో వెచ్చగా ఉండింది, ఇంత పెద్ద మనిషి ఇంతమందిని కాదని తనను నమ్మాడు కదా అని. రాత్రి అన్నం పెడుతూ పెళ్లాం గురమ్మ ఒక్క మాట అంది. "మనది కాని భూమి మన పేరుమీదెందుకు?" నమ్మినోడికి కాదని ఎట్ల చెప్తాం అన్నాడు. ఆమె కంచం తీసింది. ఆ కంచం చప్పుడు ఇప్పుడు వినిపిస్తోంది, అప్పుడు వినిపించలేదు.

ఎదురుగా గోడ మీద ఫ్లెక్సీ. ఓబుళరెడ్డి, పక్కనే అవతలి గ్రూపు నాయకుడు, ఇద్దరి మెడల్లోనూ ఒకే రంగు కండువా, ఇద్దరూ చేతులు జోడించి నవ్వుతున్నారు. ఎన్నేళ్లు, ఒకరి పేరు ఒకరి ఊళ్లో ఎత్తితే తలుపులు మూసుకునే రోజులు, పెళ్లికి పోవాలన్నా ముందు రెండు జీపులు వెనక రెండు జీపులు, బస్సులో ఏ సీట్లో కూర్చోవాలో కూడా గ్రూపును బట్టే. పార్టీ మారారు, రాజీ అయ్యారు, కేసు ఏనాడో సాక్షులు లేక కొట్టేశారు. పోయిన వాళ్లిద్దరి ఫోటోలు మాత్రం ఏ ఫ్లెక్సీలోనూ లేవు. ఇప్పుడు సోలార్ కంపెనీ వాళ్లు ఆ పక్క భూములు తీసుకుంటున్నారు, అందుకని రెడ్డికి తన భూమి తన పేరు మీద కావాల్సి వచ్చింది, ఫోన్ చేసి శుక్రవారం రమ్మన్నాడు, రేపు ఆడపిల్ల వాటా అనకుండా బిడ్డతో కూడా ఒక సంతకం పెట్టించమని దస్తావేజులు రాసేవాడు చెప్పాడంట, ఆమెను కూడా తీసుకురమ్మన్నాడు. అదీ సంగతి. లేకపోతే ఆ పిల్ల ఈ పంచలోకి వచ్చేది కాదు, రెడ్డి ముందు నిలబడేది కాదు, ఏడేళ్ల కిందట తను చెప్పిన అబద్ధం ఎవరికీ అడ్డం పడకుండా ఒక మూల పడుండేది.

ఏడేళ్ల కిందట ఆ పిల్లకు ఎంసెట్లో మంచి ర్యాంకే వచ్చింది. పక్కింటి అజ్మత్ బీ కూతురికీ వచ్చింది, ఇద్దరూ ఒకే లాంతరు కింద చదివారు, కరెంటు పోయినప్పుడల్లా అజ్మత్ బీ వాళ్ల మిద్దె మీద. ఏ కులమైనా గవర్నమెంటే ఫీజు కడుతుంది, తెల్ల కార్డుంటే చాలన్నారు. అంగట్లో తనకొచ్చే జీతానికి తెల్ల కార్డు రాకపోవడం ఏమిటి, వస్తుంది, రాకేం చేస్తుంది అని ఆ నమ్మకంతోనే కౌన్సెలింగుకు ముందే కాలేజీ యూనిఫారమ్ గుడ్డ కోసేశాడు, లేత నీలం, రెండు జతలకు సరిపడా, షావుకారు వద్దన్నా వినకుండా డబ్బులిచ్చి మరీ. ముప్పై ఏళ్లలో తను కొలవకుండా కోసిన గుడ్డ అదొక్కటే, కొలవాల్సిన పనేముంది, కూతురి ఎత్తు తెలియదా. తర్వాత వీఆర్వో దగ్గరికి పోతే ఆయన అడంగల్ తిప్పి చూసి నవ్వాడు. "ఏందప్పా సిద్దయ్యా, పద్దెనిమిదెకరాల రేగడి పెట్టుకోని తెల్లకార్డు అడుగుతాండావు. నువ్వే పేదోడివైతే ఊళ్లో మిగతా వాళ్లంతా యాడికి పోవల్ల?" అది నాది కాదు సార్ అన్నాడు సిద్దయ్య. "ఎవురిది మరి?" అన్నాడు వీఆర్వో. ఆ మాటకు జవాబు ఊరంతటికీ తెలుసు, వీఆర్వోకూ తెలుసు, చెప్పగలిగిన నోరే లేదు. చెబితే దొంగ రిజిస్ట్రేషన్ అని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే రెడ్డిని కోర్టులో పట్టించినట్టు. "నేను బుక్కులో ఉండేదే రాస్తా. మనుషుల్ని సూసి రాస్తే నా ఉద్యోగం పోతాది" అని మూసేశాడు వీఆర్వో. బ్యాంకుకు పోతే చదువు అప్పు ఇవ్వడానికీ లేదు, ఆ పద్దెనిమిదెకరాల మీద సిద్దయ్య పేరుతో పంట రుణం ఉండింది, తీసుకున్నది ఎవరో తీర్చాల్సింది ఎవరో అది వేరే కథ. సొంతంగా ఉన్న నాలుగెకరాల మెట్ట అమ్మితే ఒక ఏడాది గడుస్తుంది, మిగతా మూడేళ్లకు ఏం అమ్మాలి.

అదే వారం తెలిసింది, ఓబుళరెడ్డి కొడుకుకు సీటొచ్చిందని, గవర్నమెంటు ఫీజు మీదే. భూమిలేని కుటుంబం కదా, తెల్ల కార్డుంది. ర్యాంకు ఈ పిల్లకంటే శానా వెనక. అందులో ఆ పిల్లగాడి తప్పేమీ లేదు, వాడికి కార్డు ఏ రంగో కూడా తెలిసి ఉండదు. అజ్మత్ బీ మిషను కుట్టి బతికేది, ఆమె కూతురికి వచ్చింది, రావాల్సిందే, సిద్దయ్య నిజంగానే సంతోషించాడు, సంతోషించి ఇంట్లోకొచ్చి తలుపేసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అంత మంచి ఇల్లాలి బిడ్డను చూసి కూడా కుళ్లుకున్నాను కదా అని. అంగట్లో షావుకారు తన పిల్లలకు చెక్కు రాసి పంపేవాడు. పైవాళ్లకు చెక్కు బుక్కుంది, కిందవాళ్లకు కార్డుంది, తనలాంటి వాళ్లకు నాలుగు ఆఫీసులూ ఒక కాళ్లనొప్పీ ఉన్నాయి. కానీ తనలాంటి వాళ్లని కలుపుకుంటే తప్పు సగం తగ్గుతుంది, అది కూడా ఒక మోసమే. మిగతా వాళ్లను కాగితం మోసం చేసింది. తనను మోసం చేసిన కాగితం మీద సంతకం పెట్టింది తనే.

పదకొండున్నర. కూతురు కవరులోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. తాగాడు. "నాయనా, నిన్న ఒకాయప్ప వచ్చినాడు మీసేవకు, లారీలుండాయి, చేతికి బంగారు కడియం. ఆదాయం ఎంత కొట్టమంటావంటే నువ్వే ఏదో ఒకటి కొట్టుమ్మే అన్నాడు." నవ్వింది, నవ్వుతూనే, "నాకు అందరి ఆదాయాలూ తెలుసు నాయనా, ఈ ప్రొద్దుటూర్లో అందరూ పేదోళ్లే" అంది. సిద్దయ్య కూడా నవ్వబోయాడు. ఈ పిల్ల బీకాం చదివింది, గవర్నమెంటు కాలేజీలో, ఫస్టు క్లాసులో, ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లో వాళ్ల ఆదాయ సర్టిఫికెట్లు కొట్టి ఇస్తుంది, తనకు రాని సర్టిఫికెట్టు రోజుకు ఇన్ని అని. పాపా, ఒక మాట చెప్పల్ల, అని నాలుక చివరి దాకా వచ్చింది, అంతలో స్టాంపులమ్మే ఆయన వచ్చి సాక్షులెవరని అడిగాడు, రెడ్డితో వస్తారు అని చెప్పేసరికి ఆ మాట వెనక్కి పోయింది. వెనక్కి పోవడం దానికి బాగా అలవాటు.

ఆ రోజు కూడా అంతే కదా. ప్రొద్దుటూరు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల, ఆషాఢం, ఎండకు రోడ్డు మీద తారు కరుగుతోంది, బస్సులో కూర్చున్నంతసేపూ మాటలు పేర్చుకున్నాడు. అన్నా, భూమి నీ పేర రాయించుకో, లేకపోతే నీ వాళ్లెవరికన్నా మార్చు, బిడ్డ చదువు ఆగిపోతాంది. ఇంతే. తొండూరులో బస్సు ఆగితే దిగి టీ తాగుతూ ఆ మాటల్నే మళ్లీ అనుకున్నాడు, భూమి నీ పేర రాయించుకో అంటే భూమి నేనేదో దాచుకున్నట్టుంది, మార్చుకో అంటే సరిపోతుంది, బిడ్డ చదువు ముందు చెప్పాలి, తర్వాత భూమి. పులివెందులలో రెడ్డి ఉన్న ఇంటి గేటు దగ్గర ఇద్దరు మనుషులు, వచ్చినవాళ్లందరినీ ఆపి నడుం చుట్టూ తడిమి పంపుతున్నారు, కలప వ్యాపారి ఒకాయన చేతులెత్తి నిలబడ్డాడు, ఆయన వెనక సిద్దయ్య కూడా చేతులెత్తబోతే గేటు దగ్గరి మనిషి నవ్వి, "నీకేందప్పా, నువ్వు పో లోపలికి" అన్నాడు. ఆ కలప వ్యాపారి తల తిప్పి చూశాడు, ఎవరబ్బా ఈయన అన్నట్టు. ఏం చెప్పాలి, ఆ చూపుకు సిద్దయ్య ఒళ్లు తేలికైంది, నడుం నిటారైంది. అక్కడే పోయింది పని. మిగతాదంతా ఊరికే జరిగింది.

రెడ్డి లేచి ఎదురొచ్చాడు. మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సంగటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయలు నూరిన ఊరిమిండి పచ్చడి, రెడ్డి భార్య భారతమ్మ తన చేత్తో వడ్డించింది. రెడ్డి ఆ రోజు బాగా నలిగి ఉన్నాడు, వాయిదాల మీద వాయిదాలు, తమ్ముడే అవతలి వాళ్లతో మాట్లాడుతున్నాడని అనుమానం, ఇంట్లో వండింది కూడా ముందు ఇంకొకరు తిన్నాకే తింటున్నాడు. "ఎవుర్ని నమ్మల్లో తెలీకుండాది సిద్దయ్యా. రాత్రి పడుకుంటే అందరి మొకాలూ కండ్ల ముందర తిరుగుతాయి. నీ మొకం ఒక్కటే తిరగదు. నీ కాడ పెట్టింది గుర్తుకే రాదు నాకు, అంత నిమ్మళం." ఆ మాట అన్నాక ఎట్లా అడుగుతాడు. అడిగితే ఆ ఒక్క ముఖం కూడా తిరగడం మొదలుపెడుతుంది కదా. పైగా, నిజం చెప్పుకోవాలంటే, నిజం చెప్పుకునే గంట ఇదే కాబట్టి, ఆ మాట సిద్దయ్యకు తియ్యగా ఉండింది. గొర్లకాపరి కొడుకు, అంగట్లో గుమాస్తా, పెద్దమనిషి నిద్రకు తను కాపలా. భయం వేసి ఉంటే బాగుండేది. ఆ రోజుల్లో భయపడ్డానంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు, పెళ్లామూ కూతురూ కూడా అదే అనుకున్నారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు, వాళ్లతో మనం తూగుతామా అని. భయం కానే కాదు. వేడి సంగటి, పక్కన కూర్చోబెట్టుకున్న గౌరవం, గేటు దగ్గర తడమని చేతులు. వాటి కోసం నాలుగేళ్ల చదువు ఆ మంచం మీదే పెట్టి వచ్చాడు.

ఏం మాట్లాడాడు మరి మూడు గంటలు. వానల గురించి మాట్లాడాడు. ఈ ఏడు పైరు పడుతుందా, గొర్రెలకు మేత ఎట్లా, బోర్లలో నీళ్లు ఎంత దిగినాయి. రెడ్డి కూడా వానల గురించే మాట్లాడాడు, కేసుల నుంచి కాసేపు తల తిప్పుకోవడానికి ఆయనకదే కావాల్సింది. వచ్చేముందు భారతమ్మ లడ్లు పొట్లం కట్టి ఇచ్చింది, పిల్లోనికి సీటొచ్చిందప్పా, మీ పాపకియ్యి అంటూ. ఆమెకేం తెలుసు. మా పాపకు కూడా వచ్చిందమ్మా అన్నాడు సిద్దయ్య. "శానా సంతోషమప్పా, సదివించు" అందామె. ఆఖరి అవకాశం అది, తలుపు తీసి ముందర పెట్టినట్టు ఆమే పెట్టింది, సిద్దయ్య పొట్లం చంకలో పెట్టుకుని దండం పెట్టి గేటు దాటాడు. తిరుగు బస్సులో తొండూరు రాకముందే అబద్ధం తయారైంది, అది పేర్చుకోవడానికి పెద్ద కష్టపడలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే పిల్ల ఎదురొచ్చింది, చెంబుతో నీళ్లు పట్టుకుని. "ఏమన్నాడు నాయనా?" కాదన్నాడు పాపా, ఇప్పుడు కుదరదన్నాడు. ఆమె చెంబు కింద పెట్టి పొట్లం ఏమిటని చూసింది. లడ్లు. ఏడవలేదు. ఒక లడ్డు తీసి వీధిలో కుక్కకు వేసి వచ్చింది, మిగతావి గురమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఆ లేత నీలం గుడ్డ రెండేళ్లు పెట్టెలో ఉండి తర్వాత దిండు గలీబులైంది, కుట్టింది అజ్మత్ బీయే, ఎందుకని అడగలేదు, కుట్టుకూలి తీసుకోలేదు. ఐదేళ్లుగా సిద్దయ్య ఆ గుడ్డ మీదే తల పెట్టి పడుకుంటున్నాడు. ఇంత జరిగినా ఆ పిల్ల తండ్రిని ఒక్క మాట అనలేదు, అడిగినాడు కదా, పోయి అడిగినాడు కదా అని ఒకసారి ఎవరితోనో గర్వంగా చెబుతుంటే విన్నాడు, మా నాయన రెడ్డి ఇంటికి పోయి మొకమ్మీదే అడిగినాడు అని. ఆ రోజు అంగట్లో రెండు చీరలు తప్పు కొలత కోశాడు.

పాపా, అన్నాడు సిద్దయ్య. పది నిమిషాలు తక్కువ పన్నెండు. ఏంది నాయనా అంది చిన్నసుబ్బమ్మ, కవరులో ఫోటోలు లెక్కపెట్టుకుంటూ. ఆ రోజు పులివెందులకు పొయినా సూడు. ఊ. ఆడ... ఆమె తలెత్తి చూసింది. గురమ్మ కళ్లే, అదే నిదానం, ఏ మాట చెప్పినా నమ్మడానికి సిద్ధంగా. ఆడ శానా ఎండగా ఉండె, అన్నాడు సిద్దయ్య. ఆమె ఫోటోలు కవరులో పెట్టి, ఊరికే కంగారు పడొద్దు నాయనా, నేను నెమ్మదిగానే అడుగుతా, గొడవేం చెయ్యను అంది.

పన్నెండు దాటి ఐదు నిమిషాలకు కారు వచ్చింది. వెనకా ముందూ జీపుల్లేవు, ఇద్దరు సాక్షులూ డ్రైవరూ, అంతే. ఓబుళరెడ్డి దిగడానికి తలుపు పట్టుకున్నాడు, గుండె ఆపరేషన్ అయినాక చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీద నిలబడడం లేదు, గుడ్డ మాత్రం మంచిది. "వచ్చినారా సిద్దయ్యా, శానాసేపైందా?" అంటూ బెంచీ దాకా వచ్చాడు. చిన్నసుబ్బమ్మ లేచి నిలబడింది. సిద్దయ్య కూడా లేచాడు, లేచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె అన్నట్టుగానే నెమ్మదిగా అడిగింది, గొంతు కూడా పెంచలేదు. "నా సదువు ఆగిపోతాందని మా నాయన ఆ పొద్దు పులివెందులకొచ్చి మిమ్మల్ని అడిగినాడు. భూమి మార్చుకోమని. మీరు కాదన్నారు. మీ పిల్లోడు సదువుకున్నాడు. ఎందుకు కాదన్నారో తెలుసుకుందామని."

ఓబుళరెడ్డి ఆమె వైపు చూశాడు. తర్వాత సిద్దయ్య వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో, జిరాక్సు మిషను రెండు కాగితాలు తీసింది. ఎవరు అబద్ధం చెప్పారో, ఎందుకు చెప్పారో కనిపెట్టకుండా ఆయన ఇన్నేళ్లు బతికి బట్టకట్టలేదు. సిద్దయ్య కళ్లు దించుకున్నాడు. "అవునమ్మా," అన్నాడు రెడ్డి. "నేనే కాదన్నా. ఆ పొద్దు నా బుద్ధి సరిగ్గా లేదు. తప్పు నాదే, మీ నాయనది కాదు." అని సిద్దయ్య భుజం మీద చెయ్యి వేసి ఆసరాగా పట్టుకుని లోపలికి నడిచాడు. ఆ చెయ్యి బరువే లేదు. నడుస్తూ సిద్దయ్య అనుకున్నాడు, మళ్లీ ఇచ్చాడు, ఈసారి కూడా నా దగ్గర ఏదో దాచిపెట్టాడు, ఇది కూడా నేను మోయాలి, దీనికి రిజిస్ట్రేషన్ కూడా లేదు. వెనక కూతురి చెప్పుల చప్పుడు వస్తోంది, మునుపటికంటే తేలికగా. ఆమెకు కావాల్సింది దొరికింది, తప్పు ఒప్పుకున్న మనిషి దొరికాడు. ఇక్కడితో ఊరుకుంటే అయిపోతుంది. అందరికీ నిమ్మళం.

రిజిస్ట్రారు కాగితాలు తిప్పి, తలెత్తకుండానే రోజూ అందరినీ అడిగే మాట అడిగాడు. "భూమి నీ ఇష్టంతోనే రాసిస్తాండావా అప్పా? ఎవురన్నా బెదిరించినారా, బలవంతం పెట్టినారా?"

లేదు సార్ అంటే సరిపోయేది. అందరూ అదే అంటారు. సిద్దయ్య నోరు తెరిచాడు, పక్కన ఓబుళరెడ్డి ఊపిరి పీల్చడం వినిపిస్తోంది, వెనక కూతురు. "ఎవురూ బలవంతం పెట్టలేదు సార్," అన్నాడు. "ఇప్పుడు పెట్టలేదు. పద్దెనిమిదేండ్ల కిందట కూడా పెట్టలేదు. పులివెందులకు పొయిన పొద్దు కూడా ఈయప్ప నన్ను కాదనలేదు. నేను అడగలేదు సార్. బిడ్డ సదువు గురించి నోరే తెరవలేదు నేను."

రిజిస్ట్రారు అప్పుడు తలెత్తాడు. "ఆ యవ్వారమంతా నాకెందుకప్పా," అన్నాడు. "బొటనవేలు ఈడ పెట్టు." సిద్దయ్య పెట్టాడు. ఎర్రలైటు మిషను వేలిముద్రను రెండుసార్లు తిప్పికొట్టి మూడోసారి తీసుకుంది, గుడ్డలు మడిచి మడిచి వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఓబుళరెడ్డి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత సంతకం చిన్నసుబ్బమ్మది. పెన్ను తీసుకుంది, తీసుకుని అట్లాగే నిలబడింది. సిద్దయ్యకు ఆమె ముఖం చూడాలని లేదు, చూడకుండా ఉండే వీలూ లేదు. కోపం లేదు ఆ ముఖంలో, అదీ ఆయనకు భరించరానిది, ఏదో పాత సర్టిఫికెట్టులో తప్పు ఏ గడిలో పడిందో వెతుకుతున్నట్టు చూస్తోంది.

"మూడు గంటలు కూచున్నావు కదా నాయనా ఆ పొద్దు," అంది. "ఏం మాట్లాడినావు మరి?"

"వానల గురించి పాపా."

ఆమె పెన్ను మూత తీసింది.

"పడినాయా?" అని అడిగింది.

"లేదు పాపా," అన్నాడు సిద్దయ్య. "ఆ యేడు పడలేదు."

ఆమె వంగి, వేలు పెట్టి చూపించిన చోట తన పేరు పూర్తిగా, పొట్టిగా గీకకుండా, ఒక్కో అక్షరం రాసింది. కవరు తీసుకుని, తండ్రి కోసం ఆగకుండా, బస్టాండు వైపు నడిచింది.